నేత, కోత, రాత... ఈ ‘త’ ఎక్కడిది?

పోయిన నెల ఇదే పేజీలో ఒకరికి జవాబు చెప్తూ వంటిల్లు అంటే వంట + ఇల్లు, పుట్టిల్లు అంటే పుట్టిన ఇల్లు అని రెండు లైన్లు రాశాను. ఆ రెండు లైన్లు పట్టుకుని మీరంతా ఇంట్లో వినపడే మాటలన్నీ విప్పదీయడం మొదలుపెట్టారు, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైన అవే. నాకు చాలా సంతోషంగా ఉంది, అందుకే ఈసారి మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం జాగా వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది మగ్గం ఇల్లు సార్. చేనేతలో ఉండే నేత, టీవీలో చెప్పే పార్టీ నేత, రెండూ ఒకటే మాటా? మా తాత "నేసేవాడే నేత, జనాన్ని కలిపి నేసేవాడు నాయకుడు" అంటాడు, మా మేడమ్ కాదంటున్నారు. (డిగ్రీ చదివే అమ్మాయి, చీరాల)

జవాబు: అమ్మా, మీ తాతగారి మాట వినడానికి ఎంతో బాగుంది గానీ మేడమ్ గారు చెప్పిందే కరెక్టు. ఈ రెండూ అచ్చం ఒకేలా కనపడతాయి, పుట్టిన ఇళ్ళు మాత్రం వేరు.

ముందు మీ ఇంటి నేత చూద్దాం. నేయి అనే క్రియ ఉంది, నేస్తాడు, నేశాడు అంటాం కదా, దాని వెనక ‘త’ చేరిస్తే ఆ పని పేరు వస్తుంది, నేత. ఇప్పుడు ఇలాగే ‘యి’ తో ముగిసే పొట్టి క్రియలు ఇంకొన్ని తీసుకోండి. కోయి – కోత. మోయి – మోత. రాయి – రాత. గీయి – గీత. మేయి – మేత. పూయి – పూత. కాయి – కాత. చేయి – చేత. ఎవరూ మనకి ఈ లిస్టు బట్టీ పెట్టించలేదు, అయినా ఒక్కటి కూడా తప్పు పోదు. ఊళ్ళో పనులన్నీ ఈ ఒక్క ‘త’ మీదే నడుస్తున్నట్టు ఉంటుంది నాకు, వరి కోత, మగ్గం నేత, తాటిచెట్టు కల్లు గీత, గొడ్లకి మేత. మా నాన్నకి నాలుగు మామిడి చెట్లుండేవి, మాఘమాసం వస్తే రోజూ చూసొచ్చి "ఈ ఏడు పూత బానే ఉంది, కాత నిలవాలి" అనేవాడు, ఆ రెండు మాటలూ ఒకే అచ్చులో పోసినవని చిన్నప్పుడు నాకు తట్టలేదు. తర్వాత కరెంటు వచ్చింది, దానికీ కొత్త మాట వెతకలేదు, కరెంటు కోత అనేశాం.

భాషాశాస్త్రంలో ఈ ‘త’ లాంటి ముక్కని పదాంశం అంటారు. ఇంకా విరిస్తే అర్థం మిగలని ముక్క అన్నమాట. నేత లో రెండు పదాంశాలున్నాయి, నే(య్) ఒకటి, త ఒకటి. క్రియల్నించి పేర్లు చేయడానికి మనకి ‘త’ ఒక్కటే కాదు, నడక, రాక, పోక, కోరిక లో ‘క’ ఉంది, గెలుపు, పిలుపు, అరుపు, మరుపు లో ‘పు’ ఉంది. ఏ క్రియ ఏ ముక్కని పట్టుకుంటుందో దాని అలవాటు దానిది. ఒక్కోసారి ఒకే క్రియ రెండిటినీ పట్టుకుని రెండు పనులు చేయిస్తుంది, నడుచు నుంచి నడక వచ్చింది, నడత కూడా వచ్చింది, కాళ్ళతో నడిస్తే నడక, బుద్ధితో నడిస్తే నడత.

ఇప్పుడు పార్టీ నేత సంగతి. అది సంస్కృతం, ‘నీ’ అంటే నడిపించడం అనే ధాతువు, ధాతువంటే మాటకి వేరు లాంటి ముక్క, దానికి ‘తృ’ అనే ప్రత్యయం చేరి నేత అయింది. దాత, వక్త, శ్రోత, కర్త, భర్త అన్నీ అలా కట్టినవే, ఇచ్చేవాడు, మాట్లాడేవాడు, వినేవాడు, చేసేవాడు, భరించేవాడు. తేడా తెలిసింది కదా, మీ నేతలో ‘త’ చేసే పనిని చెప్తుంది, వాళ్ళ నేతలో ‘త’ చేసే మనిషిని చెప్తుంది. అందుకే మీ ఇంట్లో మనిషిని చెప్పాలంటే నేత ఒక్కటే చాలదు, నేతగాడు, నేత కార్మికుడు అని ఇంకో ముక్క తగిలించాలి. గీత కూడా అంతే, కల్లు గీత మన గీయి నుంచి, భగవద్గీతలో గీత సంస్కృతంలో ‘పాడినది’ అని. మూడో ‘త’ కూడా ఉంది, సమత, యోగ్యత, నాణ్యత లో వచ్చేది, అదీ సంస్కృతమే, అది ఒక గుణానికి పేరు పెడుతుంది. మూడు ముక్కలకీ ఒకటే అక్షరం, పనులు మూడు.

చేనేతలో ‘చే’ గురించి కూడా చెప్పాలి, అది చెయ్యి. జంట మాటల్లో చెయ్యి చిక్కి చే అయిపోతుంది, చేబదులు, చేసంచి, చేదోడు. చేదోడు అంటే చేతితో తోడు, వాదోడు అంటే నోటి మాటతో తోడు. వాయి అంటే పాత తెలుగులో నోరు, తమిళంలో ఇప్పటికీ వాయ్, కన్నడంలో బాయి. మనం నోరు అనడం మొదలుపెట్టాక ఆ పాత మాట వాడుకలోంచి జారిపోయింది, కానీ చేదోడు వాదోడుగా ఉన్నాడు అన్నప్పుడల్లా దాన్ని మన నోటితోనే పలుకుతున్నాం.

ప్రశ్న: నా మనవడికి నాలుగేళ్ళు, డల్లాస్‌లో ఉంటారు. వీడియో కాల్లో "అమ్మమ్మా, పన్నులు తోముకున్నా" అంటాడు, "కాలులు నొప్పి" అంటాడు. మా అమ్మాయి ప్రతిసారీ ఆపి సరిచేస్తోంది, వాడు చిన్నబుచ్చుకుని ఇంగ్లీషులోకి వెళ్ళిపోతున్నాడు. ఏం చెయ్యమంటారు? (ఒక అమ్మమ్మ, తెనాలి)

జవాబు: అమ్మా, దయచేసి మీ అమ్మాయికి ఈ జవాబు చదివి వినిపించండి. మీ మనవడు తప్పు మాట్లాడట్లేదు, రూలు కనిపెట్టాడు. పన్నులు అనే మాట వాడికి ఇంట్లో ఎవరైనా నేర్పారా, లేదు కదా, మీరందరూ పళ్ళు అనే అంటారు. మరి వాడికెక్కడిది? అరటికాయలు, బొమ్మలు, బస్సులు విని విని ‘ఒకటి కంటే ఎక్కువైతే లు తగిలించాలి’ అని వాడంతట వాడే తేల్చుకుని పన్ను కి తగిలించాడు. వాడు మాటని ముక్కలుగా విడదీసి మళ్ళీ కడుతున్నాడు, నాలుగేళ్ళకి!

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ సరిగ్గా ఇదే పరీక్ష చేశారు. పిట్టలాంటి ఒక బొమ్మ గీసి, దీని పేరు ‘వగ్’ అని పిల్లలకి చెప్పి, ఇంకోటి చూపించి, ఇప్పుడు రెండున్నాయి, రెండు ఏమిటి అని అడిగారు. వగ్ అనే మాట లోకంలోనే లేదు, పిల్లలు ఎక్కడా విని ఉండరు, అయినా ‘వగ్స్’ అని చెప్పారు. అంటే పిల్లలు విన్న మాటని విన్నట్టు అప్పజెప్పడం లేదు, లోపల ముక్కలు వేరుగా పెట్టుకున్నారు అని దాంతో బాగా తేలింది. మీరు కూడా సరదాగా చేసి చూడండి, ఏదో ఒక జంతువు గీసి దీని పేరు ‘మోలు’ అని చెప్పి రెండోది గీయండి, మోలులు అంటాడో మోళ్ళు అంటాడో చూడండి.

ఎందుకంటే మన ‘లు’ మామూలుది కాదు, ముందున్న అక్షరాన్ని కలుపుకుని రూపం మార్చేస్తుంది. కాలు – కాళ్ళు, ఊరు – ఊళ్ళు, బడి – బళ్ళు, పండు – పళ్ళు, కన్ను – కళ్ళు. ఇంకా చిత్రం, నోట్లో పన్ను అయితే పళ్ళు, గవర్నమెంటుకి కట్టే పన్ను అయితే పన్నులు! ఒకటే మాటలా వినపడే రెండు మాటలకి రెండు బహువచనాలు. బయట నుంచి వచ్చిన మాటల్ని కూడా ఈ ‘లు’ వదల్లేదు, రైలు – రైళ్ళు, స్కూలు – స్కూళ్ళు, హోటలు – హోటళ్ళు, చానలు – చానళ్ళు. కానీ చివర ‘రు’ ఉన్న కొత్త మాట అయితే ఊరు దారిలో వెళ్ళదు, పేరు – పేర్లు దారిలో వెళ్తుంది, కారు – కార్లు, డాక్టర్లు, డ్రైవర్లు. కాళ్ళు అంటే నడిచేవే, కార్లు కాదు. ఇంత మెలిక ఉన్న లెక్క పిల్లాడికి అందడానికి కొన్నేళ్ళు పడుతుంది, మాటలు ఎక్కువగా చెవిన పడితే దానంతటదే సర్దుకుంటుంది. వాడు పన్నులు తోముకున్నా అంటే "ఏదీ, పళ్ళు తోముకున్నావా, తెల్లగా ఉన్నాయే నీ పళ్ళు" అనండి, అంతే. ఆపి దిద్దితే వాడు తెలుగు ఆపేస్తాడు, మీరు ఇప్పటికే అది చూస్తున్నారు.

ప్రశ్న: ‘చెప్పలేకపోతున్నాను’ ఒక మాటా ఐదు మాటలా? మా ఆఫీసులో తెలుగు రానివాళ్ళకి ఇది నేర్పబోయి నేనే ఇరుక్కుపోయాను. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్)

జవాబు: రాసేటప్పుడు ఒకటి, లోపల ఐదు. చెప్ప – లేక – పో – తున్నా – ను. చెప్పడం అనే పని, అది చేతకాకపోవడం, ఆ స్థితిలోకి పడిపోవడం, ఇప్పుడే జరుగుతుండడం, అది నాకు అవ్వడం. ‘తున్నా’ కూడా ఒకప్పుడు రెండు ముక్కలే, చెప్తూ ఉన్నాను అనేది నోట్లో నలిగి చెప్తున్నాను అయింది. చివరి ‘ను’ నేను లోంచి వచ్చిన తోక, అలాగే నువ్వు కి ‘వు’, వాడు కి ‘డు’, అది కి ‘ది’, వారు కి ‘రు’. అందుకే మనం నేను అనకుండా వస్తాను అన్నా సరిపోతుంది, మనిషి క్రియ చివరే కూర్చుని ఉన్నాడు.

మీ స్నేహితులకి నేర్పేటప్పుడు ‘కాదు, లేదు’ దగ్గర జాగ్రత్త. చెప్తాను కి వ్యతిరేకం చెప్పను. ఇందులో లేదు అని విడిగా ఏమీ లేదు చూడండి, చెప్పు లో చివరి ‘ఉ’ పోయి ‘అ’ వచ్చింది, ఆ ఒక్క ‘అ’ యే ‘కాదు’ అనే అర్థం మొత్తం మోస్తోంది. ఇంత చిన్న పదాంశం, ఇంత పెద్ద పని! ఇక చెప్పలేదు అన్నప్పుడు మనిషి తోక పనిచెయ్యదు, నేను చెప్పలేదు, నువ్వు చెప్పలేదు, వాళ్ళు చెప్పలేదు, అందరికీ ఒకటే. చేతకాదు అనే అర్థంలో అయితే తోక తిరిగొస్తుంది, చెప్పలేను, చెప్పలేవు, చెప్పలేడు. దాంతో ఏమవుతుందంటే ‘అమ్మాయి చెప్పలేదు’ అనే దానికి రెండు అర్థాలొస్తాయి, చెప్పకుండా ఊరుకుంది అని ఒకటి, చెప్పడం ఆమె వల్ల కాదు అని ఒకటి. అబ్బాయి విషయంలో ఈ గొడవ లేదు, చెప్పలేదు, చెప్పలేడు అని వేరువేరుగా వినపడతాయి.

ఇంకో ముక్క కూడా నేర్పండి, ‘అట’. రాలేకపోయారట అంటే రాలేకపోయారు, ఈ సంగతి నేను చూసింది కాదు, ఎవరో చెప్తే విన్నాను అని. కొన్ని భాషల్లో దీనికి ఒక వాక్యం మొత్తం ఖర్చు పెట్టాలి, మనకి రెండక్షరాలు చాలు.

ఇలా ముక్క వెనక ముక్క తగిలించే భాషలు లోకంలో ఇంకా ఉన్నాయి. టర్కీ వాళ్ళు ‘ఎవ్‌లెరిమిజ్‌దెన్’ అంటారు, ఎవ్ అంటే ఇల్లు, లెర్ మన ‘లు’ లాంటిది, ఇమిజ్ అంటే మన, దెన్ అంటే నుంచి. మన ఇళ్ళ నుంచి అని. మనకీ వాళ్ళకీ చుట్టరికం ఏమీ రుజువు కాలేదు, కట్టే పద్ధతి మాత్రం చూడగానే మనవాళ్ళే అనిపిస్తుంది.

ప్రశ్న: పేపర్లో ‘వాహనదారులు’, ‘వినియోగదారులు’ చదివితే నాకు బాధేస్తుంది. సంస్కృతానికి పారసీ తోక తగిలించడం ఏమిటండీ, భాష పాడైపోవడం కాదా? (రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు, కరీంనగర్)

జవాబు: మాస్టారూ, మీ బాధలో ఉన్న ప్రేమ నాకు అర్థమైంది, కానీ ఇక్కడ నేను మీతో ఒప్పుకోలేను. ‘దార్’ పారసీదే, కలిగినవాడు, పట్టుకున్నవాడు అని అర్థం. మొదట జమీందారు, తహశీల్దారు లాంటి మాటలు మొత్తంగా వచ్చాయి. తర్వాత మనవాళ్ళు వాటిలోంచి ఆ ముక్కని విడదీసి చేతిలో పెట్టుకున్నారు, అదీ అసలు విశేషం. ఖాతాదారు, వాటాదారు అయ్యాక, సంస్కృతం మాట వినియోగానికి తగిలించారు, అచ్చ తెలుగు క్రియ కొను నుంచి వచ్చిన కొనుగోలుకీ తగిలించారు, కొనుగోలుదారు. పైగా ఈ దార్ మీరనుకున్నంత పరాయిది కాదు, పాత్రధారి, వేషధారి లో ఉన్న ‘ధారి’ కీ దీనికీ మూలం ఒకటే, పారసీకీ సంస్కృతానికీ ముందున్న భాషలోంచి రెండు వైపులకీ పోయిన ధాతువు అది. వాహనదారుడు లో చివరికి ‘డు’ వచ్చింది చూడండి, అది మన రాముడిలో డు, తమ్ముడిలో డు. వాహనదారులకి అన్నప్పుడు లు మనది, కి మనది. మాటలు నలుగురి దగ్గర్నుంచి వచ్చినా వాటిని కలిపే కీళ్ళు తెలుగువే, అవి గట్టిగా ఉన్నంతకాలం నాకు దిగులు లేదు.

క్రియల్లో కూడా ఇదే జరిగింది. ఊహ, ప్రేమ కి ‘ఇంచు’ చేర్చి ఊహించు, ప్రేమించు చేసినట్టే హిందీ నుంచి వచ్చిన వాటికీ చేర్చారు, దబాయించు, బనాయించు, చలాయించు, ఫిరాయించు. ఫిరాయించు నుంచి మళ్ళీ మన ‘పు’ తో ఫిరాయింపు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఇంచు’ ఆగిపోయింది, డౌన్‌లోడ్ చేయి, ఫోన్ కొట్టు అంటున్నాం, కొంతమంది కుర్రాళ్ళు గూగులించు అని రాయడం చూశాను, నాకు అది నచ్చింది. నిజం చెప్పాలంటే నా భయం పరాయి మాటలు రావడం గురించి కాదు, ఈ ఇంచు, త, పు లాంటి వాటితో కొత్త మాటలు చేసుకోవడం మనం తగ్గించేశామేమో అని.

మీది కరీంనగర్ కాబట్టి ఇంకోటి. అరబ్బీ వాళ్ళ కట్టుబడి పూర్తిగా వేరు, మూడు హల్లులు ఎముకల్లా ఉంటాయి, మధ్యలో అచ్చులు మారుస్తూ మాటలు చేస్తారు. జ–మ–అ (ఈ ‘అ’ వాళ్ళకి హల్లే) అనే మూడింటికి పోగవ్వడం అని అర్థం. బ్యాంకులో డబ్బులు జమ, జనం నమాజుకి పోగయ్యే శుక్రవారం జుమ్మా, గుంపు జమాతు, అందరూ చేరే మసీదు జామా మసీదు. మీ ఊళ్ళో ఈ నాలుగు మాటలూ రోజూ వినపడేవే, నాలుగూ ఒకే ఎముకల మీద ఉన్నాయి.

ప్రశ్న: పట్టపగలు లో పట్ట అంటే ఏంటి? (పదో తరగతి, విజయనగరం)

జవాబు: పట్ట అంటే వేరే మాట కాదు నాన్నా, అదీ పగలే. పగలు పగలు అని రెండుసార్లు అని, మొదటి దాంట్లో మొదటి అక్షరం మాత్రం ఉంచి మిగతాది తీసేసి ‘ట్ట’ పెట్టారు. మొదట మొదట – మొట్టమొదట, చివర చివర – చిట్టచివర, బయలు బయలు – బట్టబయలు, నడుమ నడుమ – నట్టనడుమ. మీ వ్యాకరణంలో ద్విరుక్తటకార సంధి అని వస్తుంది, పేరు చూసి భయపడకు, రెండుసార్లు అనడం, ట్ట పెట్టడం, అంతే.

ప్రశ్న: తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదని ఎలా తేల్చారు? మన మాటల్లో అంత సంస్కృతం ఉంది కదా. (సివిల్స్‌కి ప్రిపేర్ అవుతున్న పాఠకుడు, అనంతపురం)

జవాబు: మాటలు లెక్కపెట్టి తేల్చలేదు, మాటల్ని విరిచి లోపలి ధాతువులు చూసి తేల్చారు. 1816లో మద్రాసులో క్యాంప్‌బెల్ అనే ఆయన తెలుగు వ్యాకరణం అచ్చయింది, దానికి అప్పటి మద్రాసు కలెక్టర్ ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పరిచయం రాశాడు. అందులో సంస్కృత ధాతువుల పక్కన తెలుగు ధాతువులు పెట్టి కలవట్లేదని చూపించాడు, తర్వాత తెలుగు, కన్నడ, తమిళ ధాతువులు పక్కపక్కన పెట్టి కలుస్తున్నాయని చూపించాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమని చెప్పిన కాల్డ్వెల్ పుస్తకం 1856లో వచ్చింది, పేరు ఆయనకి ఎక్కువ వచ్చింది గానీ ఎల్లిస్ నలభై ఏళ్ళు ముందు. ఆ తర్వాత మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు తెలుగు క్రియాధాతువుల మీద 1961లో ఇంగ్లీషులో వేసిన పుస్తకం ఈ పనిని ఎంతో లోతుకి తీసుకెళ్ళింది.

నువ్వే చేసి చూడు. పైన చీరాల అమ్మాయికి చెప్పిన క్రియలే తీసుకో. మనం నేయి, తమిళంలో నెయ్, కన్నడంలో నెయ్. మనం కోయి, వాళ్ళిద్దరూ కొయ్. మనం మేయి, వాళ్ళు మేయ్. తిను కి తమిళంలో తిన్, కన్నడంలో తిన్ను. నేయడం, కోయడం, మేయడం, తినడం, ఇలాంటి పనులకి ఎవరూ పక్కింటి నుంచి మాట తెచ్చుకోరు, ఇవి పుట్టుకతో ఉంటాయి. పై మాటల్లో సంస్కృతం ఎంత ఉన్నా చుట్టరికం ఇక్కడే బయటపడుతుంది.

ప్రశ్న: టీ గీ, కాఫీ గీఫీ అంటాం, ఈ ‘గీ’ కి అర్థం ఉందా? (గృహిణి, నిజామాబాద్)

జవాబు: ఉందమ్మా, ‘అలాంటివి ఇంకేమైనా’ అని. కాఫీ గీఫీ తాగుతారా అంటే కాఫీయో, అలాంటిదే ఇంకోటో అని అడగడం. రూలు చాలా శుభ్రంగా ఉంటుంది, మొదటి అక్షరం తీసేసి అక్కడ గి పెట్టాలి, దీర్ఘం ఉంటే గీ పెట్టాలి. పుస్తకం గిస్తకం, డబ్బు గిబ్బు, బస్సు గిస్సు, పాము గీము. నిన్ననే వచ్చిన ఇంగ్లీషు మాటైనా సరే వెంటనే ఒప్పుకుంటుంది. కన్నడం వాళ్ళు కూడా పుస్తక గిస్తక అంటారు, హిందీ వాళ్ళకైతే ‘వ’, చాయ్ వాయ్. మీ నిజామాబాద్‌లో రెండూ వినపడుతుంటాయి అనుకుంటా.

ఒక్క చోట మాత్రం ఈ రూలుకి దారి మూసుకుపోతుంది, మాటే ‘గి’ తో మొదలైతే. గిన్నె ని తిప్పితే మళ్ళీ గిన్నె యే వస్తుంది. మా ఇంట్లో ఎవరూ గిన్నె గిన్నె అనగా నేను వినలేదు, అక్కడికి రాగానే అందరూ దారి మార్చి "గిన్నెలూ చెంబులూ కడిగావా" అంటారు.